బుగ్గ మీద చుక్క

గ్లాస్గో
11 ఫిబ్రవరి 2003

ఆదీ,

నా కుడి మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసా. మా ఆయన రిటైరైన దగ్గర్నుంచి వంటింట్లో నాకు సలహాలు ఎక్కువయ్యాయి. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో జూనియర్ డాక్టర్ల మీద చేసిన పెత్తనమంతా ఇప్పుడు నా పోపులపెట్టె మీదికి దిగింది. స్రవంతికి నెలలు నిండుతున్నాయి కదా, జాగ్రత్తగా చూసుకో. నువ్వు నాయనమ్మవి కాబోతున్నావంటే నాకే ముసలితనం వచ్చినట్టుంది.

అసలు సంగతి చెబుతాను. మా పై ఫ్లాటులో ఉండే అమెరికన్ ముసలాయన, రాయ్ టోలివర్ గురించి ఎప్పుడో ఒక ముక్క రాశాను. ఈయనది బాల్టిమోర్. సైన్యంలో వంటవాడిగా ఇక్కడికి దగ్గర్లో ప్రెస్ట్‌విక్‌లోని అమెరికన్ స్థావరానికి వచ్చి, గ్లాస్గోలో ఒక బేకరీ యజమాని కూతురు మోయిరాని పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయాడట. తెల్లవారేదాకా మామగారి బేకరీలో రొట్టెలు కాల్చడం, ఆ తర్వాత రొట్టెల సంచిలో కెమెరా పెట్టుకుని మధ్యాహ్నందాకా వీధుల్లో తిరగడం. నలభై ఏళ్ళు ఇదే పని. ట్రాముల కోసం నిలబడ్డవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, పెళ్ళి నుంచి తిరిగొస్తూ చెప్పులు చేత్తో పట్టుకున్న ఆడవాళ్ళు. ఎవర్నీ ఆపలేదు, ఎవర్నీ అడగలేదు. ఫొటోల కింద ఊరూ సంవత్సరం తప్ప పేర్లు ఉండవు. ఒక పుస్తకం వేశాడు, అది ఎవరూ కొనలేదు. మోయిరా పోయాక లండన్ వాళ్ళెవరో వచ్చి గొప్ప ఫొటోగ్రాఫరువన్నారు. ఆయన టీ ఇచ్చి పంపేశాడట.

పాపం, రెండేళ్ళుగా ఆయనకి కళ్ళు పోతున్నాయి. ఎదుటి మనిషి చుట్టూ ఉన్న గోడ కనిపిస్తుంది, ముఖం మాత్రం కనిపించదు. జీవితమంతా ముఖాలే చూసిన మనిషికి ఇదేం శిక్షో. వచ్చే ఏడాది వసంతంలో ఇక్కడి గ్యాలరీలో ఆయన ఫొటోలు ప్రదర్శనకి పెడుతున్నారు. గ్యాలరీ నుంచి కేట్ అనే అమ్మాయి వస్తుంది. పెట్టెల నిండా ఫొటోలు, ఏది ఏదో ఆయనకి తెలియదు. అందుకని మంగళవారం మంగళవారం నేను పెసరట్లు పట్టుకుని పైకి వెళ్ళి, భూతద్దంతో ఒక్కో ఫొటో చూసి ఆయనకి చెబుతున్నాను. ఆస్పత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోపు చూసి చూసి అలవాటైన కళ్ళు కదా. "హైమా, నువ్వు బట్టల గురించి చెప్పినంత వివరంగా మనుషుల గురించి చెప్పవు" అంటాడు.

మొన్న 1971 నవంబరు అని రాసిన షీటొకటి తీశాను. షీటు నిండా తపాలాబిళ్ళంత బొమ్మలు. వాటిలో ఒకదాని మీద ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ఉంది. బస్టాపులో చీర మీద మగవాళ్ళ ఓవర్‌కోటు తొడుక్కున్న పిల్ల. ముక్కుకి ఎడమవైపు బేసరి. కోటు కింద కనిపిస్తున్నది పెద్ద గళ్ళ చీర. ఆ చీర నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? మాంచెస్టర్ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు నీ దగ్గర అడిగి తీసుకుని ఇస్త్రీ పెట్టెతో కాల్చింది నేనే కదా. ఆదీ, అది నువ్వే. ఎంత సన్నగా ఉన్నావే.

చేతుల్లో పసిపిల్ల ఉంది. మీ శ్రీకర్ పుట్టింది డెబ్భై నాలుగులో. మరి ఎవరి పిల్లని ఎత్తుకుని ఊరేగుతున్నావమ్మా? వెంటనే రాయి.

నీ
హైమ

*

వాట్‌ఫర్డ్
27 ఫిబ్రవరి 2003

హైమా,

నీ ఉత్తరం అందింది. ఆ ఫొటోలో ఉన్నది నేను కాదు. గళ్ళ చీరలు ఆ రోజుల్లో అందరికీ ఉండేవి. బేసరి లేని తెలుగు పిల్ల ఎవరు? భూతద్దంలో చూస్తే అందరూ తెలిసినవాళ్ళలాగే కనిపిస్తారు.

ఇంకో మాట. దారిన పోయేవాళ్ళ ముఖాలు అడగకుండా తీసుకుపోయేవాడిని మన ఊళ్ళో అయితే ఏమంటారో నీకు తెలుసు. ఇక్కడ కళాకారుడంటారు కాబోలు. కళ్ళు పోయినందుకు జాలిపడతాను, అంతకు మించి నాకు ఆయనతో పని లేదు.

ఇక్కడ ఇల్లు ప్రశాంతంగా లేదు. స్రవంతి స్కాన్ ఫొటో తెచ్చి ఫ్రిజ్ మీద అంటించింది. వచ్చేపోయేవాళ్ళందరూ దాన్నే చూస్తున్నారు. నేను తీసి సొరుగులో పెట్టాను. ఆ అమ్మాయి ఏడ్చింది. "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ పిక్చర్, వై ఆర్ యు లైక్ దిస్?" అన్నాడు శ్రీకర్. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంటున్నాడు. వాళ్ళ నాన్న ఉంటే సర్దిచెప్పేవారు. ఆయన పోయాక ఈ ఇంట్లో నా మాట ఎవరికీ అర్థం కావడం లేదు.

ఆ ఫొటో గురించి మళ్ళీ రాయకు. మోకాలికి ఆవనూనె రాయి.

ఆదిలక్ష్మి

*

గ్లాస్గో
20 మార్చి 2003

ఆదీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. తిట్టదలచుకుంటే పూర్తిగా చదివి తిట్టు.

రాయ్‌కి నీ పేరు చెప్పలేదు. ఫొటో ఎలా ఉందో మాత్రం చెప్పాను. బస్టాపు, కోటు, గళ్ళ చీర, బిడ్డ. పెసరట్టు తింటున్నవాడు ప్లేటు పక్కన పెట్టేశాడు. "ఎర్ర గీత ఉందా దాని మీద?" అని అడిగాడు. ఉందన్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"అడిగితే ముఖం మారిపోతుంది హైమా. అందుకే ఎప్పుడూ అడగలేదు. జనం తిట్టారు, ఒకావిడ చేపతో కొట్టింది. నేను పట్టించుకోలేదు. ఆ అమ్మాయి మాత్రం తిట్టలేదు. నేను కెమెరా నొక్కగానే చేత్తో బిడ్డ ముఖం మూసేసింది. నాతో మెల్లగా ఏదో అంది. బతిమాలినట్టు ఉంది. నాకు ఆ భాష తెలియదు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. నాకు మనసు బాగాలేక, క్షమించమని అడుగుదామని, ఒక రొట్టె పట్టుకుని ఆ బస్టాపు దగ్గర చాలా రోజులు చూశాను. క్రిస్మస్ దాటాక కనిపించింది. అదే కోటు. చేతుల్లో బిడ్డ లేదు. చేతులు మాత్రం బిడ్డని ఎత్తుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఇంటికి వచ్చి ఆ ఫొటో కొట్టేశాను. ఇంతవరకు దాన్ని పెద్దది చేయలేదు."

షీటు చూసి కేట్ మాత్రం ఎగిరి గంతేసింది. ఆయన తీసినవాటిలో ఇదే గొప్పదట. ప్రదర్శనలో పెట్టాలని పట్టుబడుతోంది. రాయ్ ఒప్పుకోలేదు. "నా జీవితంలో ఎవర్నీ అడగలేదు. ఈమెని అడగాలి. ఆమె సరేనంటే గోడకి పెట్టండి. వద్దంటే నెగెటివ్ కత్తిరించి ఆమె చేతికివ్వండి, ఇక ఎవరూ చూడరు" అన్నాడు. ఆయన ఊపిరితిత్తులు కూడా బాగాలేవు. వసంతందాకా ఉంటాడో లేదోనని మా ఆయన అనుమానం.

ఆదీ, ఆమె నువ్వు కాదన్నావు. సరే, నువ్వు కాదు. కానీ ఆ అమ్మాయి నీకు ఎక్కడైనా తెలిస్తే ఈ కబురు ఆమెకి చెప్పు. గ్లాస్గో రమ్మని ఇన్నేళ్ళుగా పిలుస్తుంటే చలి అని ఎగ్గొట్టే స్నేహితురాలొకతె నాకుంది. తనకి చలి కాదు కారణమని ఇప్పుడు అనిపిస్తోంది. నేను ఏమీ అడగను. చెప్పాలనిపిస్తే చెప్పు.

హైమ

*

వాట్‌ఫర్డ్
2 మే 2003

హైమా,

మనవడు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. ఆస్పత్రిలో శ్రీకర్ కెమెరా తీయగానే నేను గది బయటికి వచ్చేశాను. కారిడార్‌లో కుర్చీలో కూర్చుని నీకు ఈ ఉత్తరం మనసులో రాసుకున్నాను. శ్రీకర్‌కి తెలుగు చదవడం రాదు కనక బల్ల మీద పెట్టినా భయం లేదు.

అది నేనే. బిడ్డ నాదే. పేరు వకుళ.

డెబ్భై ఒకటి జూన్‌లో గ్లాస్గో ఆస్పత్రిలోనే పుట్టింది. మా ఆయనకి అక్కడ మొదటి ఉద్యోగం. రేపల్లె నుంచి మా అత్తగారు ఉత్తరం రాశారు. అన్నప్రాసన అయ్యేదాకా ఫొటో తీయించవద్దు, పసిబిడ్డ మీద ఆ కన్ను పడకూడదు, రోజూ బుగ్గ మీద కాటుక చుక్క మరిచిపోవద్దు అని. చుక్క పెట్టడానికి కాటుక భరిణె కూడా పంపారు. ఆడపిల్ల కదా, ఏడో నెలలో అన్నప్రాసన చేసి, ఆరోజే స్టూడియోకి వెళ్దామనుకున్నాం. పట్టులంగా కుట్టించడానికి నా చీర అంచు కత్తిరించి పెట్టుకున్నాను.

నవంబరులో ఒకరోజు పిల్లని క్లినిక్‌కి తీసుకెళ్ళాలి. ఆయన డ్యూటీలో ఉన్నారు. ఆయన కోటు తొడుక్కుని ఒక్కదాన్నే బయల్దేరాను. బస్టాపులో చప్పుడైతే తలెత్తి చూశాను. ఎదురుగా కెమెరా. వకుళ దాన్నే చూసి నవ్వుతోంది. చెయ్యి అడ్డం పెట్టాను. ఇంగ్లీషులో ఏమనాలో తోచలేదు. "వద్దు బాబూ, పసిపిల్ల" అన్నాను. అంతే.

సాయంత్రం స్నానం చేయిస్తుంటే చూశాను, బుగ్గ మీద చుక్క లేదు. తొందరలో పెట్టడం మరిచిపోయాను. పెట్టకుండానే బయటికి తీసుకెళ్ళాను. ఆరోజే ఆ కన్ను పడింది.

డిసెంబరులో జ్వరం వచ్చింది. ఆరో నెల నిండకుండానే పోయింది. న్యుమోనియా అన్నారు ఆయన. డాక్టరు, ఆయన మాట నిజమే అయి ఉంటుంది. నాకు ఆ నిజం సరిపోలేదు. మేం ఊరు మారిపోయాం. ఆ మాట మళ్ళీ ఎత్తుకోకూడదని ఇద్దరం అనుకోకుండానే ఒప్పందం చేసుకున్నాం. మాంచెస్టర్‌లో నువ్వు పరిచయమైనప్పుడు నేను పిల్లల్లేని దాన్ననుకున్నావు. అలాగే అనుకోనిచ్చాను. శ్రీకర్‌కి మొహమంతా కాటుక పూస్తుంటే, రెండేళ్ళదాకా ఫొటో తీయించకపోతే నువ్వు ఎంత ఎగతాళి చేసేదానివో గుర్తుందా. శ్రీకర్‌కి అక్క ఉండేదని వాడికి ఈరోజుదాకా తెలియదు.

ఆ మనిషిని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో దేవుడికే తెలుసు. ఆయన రొట్టె పట్టుకుని నిలబడ్డాడని నువ్వు రాస్తే ఏం చేయాలో తెలియడం లేదు.

నా దగ్గర దాని ఫొటో ఒక్కటి కూడా లేదు హైమా. ముఖం మరిచిపోతున్నాను. కళ్ళు గుర్తున్నాయి, గడ్డం గుర్తులేదు. ఒక్కసారి చూపించు. చూశాక చెబుతాను.

ఆది

*

గ్లాస్గో
23 మే 2003

ఆదీ,

నీ ఉత్తరం చదివి వంటగదిలో కూర్చుండిపోయాను. మా ఆయన వచ్చి ఏమైందంటే ఉల్లిపాయలన్నాను. పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేవు.

నీ మీద కోపం రాలేదని చెబితే అబద్ధం. ముప్పై ఏళ్ళుగా నా పురుళ్ళకీ నా పిల్లల పెళ్ళిళ్ళకీ వచ్చి నిలబడ్డావు, ఇంత బరువు ఒక్కదానివే మోశావు. ఎగతాళి చేసిన ప్రతి మాటా ఇప్పుడు నాకే వచ్చి తగులుతోంది. కోపం ఎంతోసేపు లేదులే.

కేట్‌కి విషయమంతా చెప్పలేదు. ఆ ఫొటోలో ఉన్న తల్లి చూడాలంటోంది అని మాత్రం చెప్పాను. నెగెటివ్ తీసుకెళ్ళి వాళ్ళ ల్యాబ్‌లో కంప్యూటర్ మీద పెట్టి, పెద్ద ప్రింటు చేయించి, అట్టల మధ్య పెట్టి సీలు వేసి తెచ్చిచ్చింది. నేను విప్పలేదు. నీకంటే ముందు చూడకూడదనిపించింది. ఇందులో పెడుతున్నాను. కూర్చుని విప్పు. పక్కన ఎవరైనా ఉంటే మంచిది.

హైమ

*

వాట్‌ఫర్డ్
4 జూన్ 2003

హైమా,

చూశాను.

దాని గడ్డం నాదే. ఆ సంగతి మరిచిపోయాను. ఎంత చక్కగా నవ్వుతోందో. ఉన్ని టోపీ కింద జుట్టు ఒక పాయ బయటికి వచ్చింది, దాన్ని లోపలికి తోయాలని వేలు పెట్టాను. కాగితం తగిలింది.

కానీ బుగ్గ చూశావా? శుభ్రంగా ఉంది. చుక్క లేదు. ముప్పై ఏళ్ళూ లోపల ఎక్కడో ఒక ఆశ ఉండేది, పెట్టే ఉంటాను, స్నానానికి ముందే చెరిగిపోయి ఉంటుంది అని. ఇప్పుడు సాక్ష్యం వచ్చింది. ఇంత పెద్ద ఫొటోలో, ఇంత స్పష్టంగా.

ఆయన్ని తిట్టుకోవడం మానేస్తాను. తప్పు ఆయనది కాదు. ఆ నెగెటివ్ కత్తిరించేయమను. ఈ ముఖం ఇలా నలుగురి ముందు నిలబెట్టలేను, వచ్చిన ప్రతివాడూ నా మతిమరుపునే చూస్తాడు. ఈ ప్రింటు కూడా తిరిగి పంపిస్తున్నాను. దగ్గర ఉంచుకుంటే వేరే పని చేయలేను.

ఆది

*

గ్లాస్గో
12 జూన్ 2003

ఆదీ,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. ముందు కూర్చో.

నువ్వు పంపిన ప్రింటు విప్పి చూశాను. నిజమే, బుగ్గ అద్దంలా ఉంది. నాకు అదే నచ్చలేదు. వకుళ మూతి పక్కన పాలచార కూడా లేదు, నీ కోటు మీద ఒక్క నలక లేదు. గ్లాస్గో బస్టాపులో నవంబరు నెలలో అంత శుభ్రమైన కోటు నేనెప్పుడూ చూడలేదు. ల్యాబ్‌లో స్లైడు మరీ శుభ్రంగా ఉందంటే ఎవరో కడిగేశారని అర్థం.

కేట్‌ని పిలిచి నెగెటివ్ తెమ్మన్నాను. షీటులో అయితే ఎర్ర గీత సరిగ్గా ఆ బుగ్గ మీదుగానే పోయింది. నెగెటివ్‌ని కిటికీ వెలుతురుకి పట్టుకుని భూతద్దం పెట్టాను. నెగెటివ్‌లో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉంటాయి. బిడ్డ ఎడమ బుగ్గ మీద గుండ్రంగా, ఆవగింజంత తెల్లటి చుక్క ఉంది.

కేట్ వెంటనే ప్రింటు చేసిన ల్యాబ్‌కి ఫోన్ చేసింది. అక్కడి అబ్బాయి మహా సంతోషంగా చెప్పాడట, "పాత ఫిల్ము కదా, దుమ్మూ గీతలూ అన్నీ తీసేశాను. బేబీ ముఖం మీద కూడా ఒక మచ్చ ఉంటే క్లీన్ చేశాను" అని. వాడికి ఎలా తెలుస్తుంది చెప్పు. మన చుక్క వాడికి మురికి.

నేను అది నమ్మి నీకు రాసేయలేదు. రాయ్‌ని అడిగాను, ఒకవేళ నిజంగా దుమ్మేనేమో అని. ఆయన నవ్వాడు. "నెగెటివ్ మీద దుమ్ము పడితే ప్రింటులో తెల్లగా వస్తుంది హైమా. నల్లగా వచ్చేది, అంత గుండ్రంగా, బిడ్డ మీద ఉన్నదే. అయినా నాకు గుర్తుంది. ఆ బిడ్డ బుగ్గ మీద నల్లటి చుక్క ఉంది. వాళ్ళమ్మ అరచెయ్యి అడ్డం పెట్టి గట్టిగా తన కోటుకి అదుముకుంది" అన్నాడు. పక్క బొమ్మలో అది కూడా ఉంది. నీ అరచెయ్యి వకుళ బుగ్గని పూర్తిగా కప్పేసింది.

చుక్క నువ్వు పెట్టావు ఆదీ. నీ చెయ్యే తుడిచేసింది, కాపాడబోయి. చుక్క ఉన్నా లేకపోయినా న్యుమోనియా న్యుమోనియానే, మీ ఆయన మల్లికార్జునగారు చెప్పింది నిజం. ఈ మాట ల్యాబ్‌లో పనిచేసినదానిగా చెబుతున్నాను. కానీ నీకు కావలసింది ల్యాబ్ రిపోర్టు కాదని తెలుసు. అందుకే దుమ్ము తుడవకుండా, చుక్క తీయకుండా కొత్త ప్రింటు చేయించి పంపుతున్నాను. ఈసారి ముందు నేనే చూశాను. క్షమించు.

రాయ్ నన్ను ఒకటే అడిగాడు, ఆరోజు నువ్వేమన్నావో తెలుసా అని. "వద్దు బాబూ, పసిపిల్ల" అందని చెప్పాను. "బాబూ అంటే?" అన్నాడు. కొడుకుని పిలిచే మాట అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఆ కళ్ళకి ఆ జోడుతో ఇప్పుడు ఉపయోగం లేదు, అయినా తుడుచుకున్నాడు.

నెగెటివ్ నా బీరువాలో ఉంది. కత్తెర పట్టలేదు. నువ్వు మళ్ళీ చెప్పేదాకా పట్టను.

హైమ

*

వాట్‌ఫర్డ్
9 సెప్టెంబరు 2003

హైమా,

ఆలస్యానికి కోప్పడకు. ఇన్నాళ్ళూ రోజూ ఆ ఫొటో తీసి చుక్క ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. ఎప్పుడు చూసినా ఉంది.

మొన్న ఆదివారం స్రవంతి టీ తెచ్చేసరికి ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దాచే టైము లేదు. "ఎవరత్తయ్యా ఈ పాప? అచ్చం మనవాడిలా ఉంది" అంది. చెప్పాను. శ్రీకర్‌ని కూడా పిలిచి చెప్పాను. వాడు చాలాసేపు ఫొటో చూసి, "సో ఐ హ్యావ్ ఎ సిస్టర్" అన్నాడు. ఉండేది అనలేదు, ఉంది అన్నాడు. వాడికి తెలుగు సరిగ్గా రాకపోయినా ఫరవాలేదు అనిపించింది.

ఆ తర్వాత ఆలోచించాను. ఒక్క కన్ను పడిందని ఇన్నేళ్ళు కుమిలిపోయాను. కానీ వకుళని చూసినవాళ్ళు ఎవరు? మా అత్తగారు చూడలేదు, మా అమ్మ చూడలేదు. శ్రీకర్ వాళ్ళ నాన్న చూశారు, ఆయన లేరు. ఈ లోకంలో దాని ముఖం తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే మిగిలాను, నాకే గడ్డం గుర్తులేదు. నా తర్వాత అది పుట్టినట్టే ఎవరికీ తెలియదు. నాకు ఇప్పుడు దిష్టి భయం లేదు హైమా. ఎవరూ చూడరేమోననే భయం.

మీ రాయ్‌ని ఆ ఫొటో పెట్టమను. అందరూ చూడాలి. రెండే మాటలు. ఆ చుక్క ఎవరూ తుడవకూడదు. ఫొటో కింద పేరు రాయాలి. ఆయన ఫొటోల కింద ఊరూ సంవత్సరం తప్ప పేర్లు ఉండవని నువ్వే రాశావు. దీనికి మాత్రం ఉండాలి.

నేను వచ్చి ఆయనకి స్వయంగా సరేనని చెబుతాను. శ్రీకర్ టికెట్లు చూస్తున్నాడు.

ఆది

*

గ్లాస్గో
30 సెప్టెంబరు 2003

ఆదీ,

రాయ్ శుక్రవారం పోయాడు. ఆస్పత్రిలో, మా ఆయనా నేనూ పక్కనే ఉన్నాం. నువ్వు వచ్చేదాకా ఆగలేదు, ఆయన్ని ఏమీ అనకు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. తెలుగులో చదివి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. "పేరు రాయండి" అన్నాడు వెంటనే. ఆ తర్వాత, "హైమా, అన్నేళ్ళు అందరినీ పేర్లు లేకుండానే తీసుకున్నాను. రొట్టెల సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అడిగి ఉంటే ఎంతమంది పేర్లు తెలిసేవో" అన్నాడు. పేరు ఎలా పలకాలో నాచేత పదిసార్లు చెప్పించుకున్నాడు. చివరికి బాగానే పలికాడు.

పెట్టెలన్నీ గ్యాలరీకి రాసిచ్చాడు. నీ నెగెటివ్ మాత్రం నీకే. వాళ్ళు దాన్ని నీ దగ్గర అడిగి తీసుకుని, ప్రదర్శన అయ్యాక నీకు తిరిగిస్తారు. ఆయన పెట్టిన షరతు అది. మంగళవారాలు ఏం చేయాలో నాకు తోచడం లేదు. నిన్న అలవాటుగా పెసలు నానబోశాను.

ప్రదర్శన మార్చిలో. అప్పుడైనా చలి అనకు.

హైమ

*

వాట్‌ఫర్డ్
24 మార్చి 2004

హైమా,

క్షేమంగా చేరాం. నీ మోకాలు అంత బాగాలేకపోయినా రోజంతా నాతో నిలబడ్డావు, దానికి నీకు థాంక్స్ చెబితే తిడతావు కనక చెప్పను.

నిన్న నిన్ను ఇంటి దగ్గర దింపాక జరిగింది నీకు తెలియదు. రైలుకి ఇంకా టైముంటే, ఇంకొక్కసారి చూస్తానన్నాను. శ్రీకర్ టాక్సీని మళ్ళీ గ్యాలరీ దగ్గర ఆపించాడు. మొదటిరోజు జనంలో నేను దాన్నే చూశాను. నిన్న బెంచీ మీద కూర్చుని, దాన్ని చూసేవాళ్ళని చూశాను. స్కూలు పిల్లలు వచ్చారు. ఒక ముసలాయన టోపీ తీశాడు. తోపుడుబండిలో బిడ్డతో వచ్చిన ఒకమ్మాయి కింద పేరు చదివి, తన బిడ్డతో "లుక్, దట్స్ వకుళ" అంది. వకుళ అని కొత్తవాళ్ళ నోట వినడం నాకదే మొదటిసారి.

ఆ తర్వాత పాత బుద్ధి వచ్చింది. ఇంతమంది చూస్తున్నారు కదా అని. అత్తగారి భరిణె సంచిలోనే ఉంది, మనవడి కోసం తెచ్చాను. లేచి వెళ్ళి, కాటుక వేలికి రాసుకుని, ఫొటో మీది అద్దానికి మూలన, ఎవరికీ అడ్డం రాని చోట ఒక చుక్క పెట్టాను.

కాపలా ఉండే ఆయన పరుగున వచ్చాడు. "మేడమ్, గాజుని ముట్టుకోకూడదు" అన్నాడు మర్యాదగానే. మళ్ళీ ఆ బస్టాపులో నిలబడ్డట్టయింది, నోట్లో తెలుగు తప్ప ఏమీ లేదు. శ్రీకర్ మనవణ్ణి ఎత్తుకుని నా పక్కకి వచ్చాడు. వాడే చెప్పాడు ఆయనకి, ఇంగ్లీషులో, "ఆమె మా అక్క. చాలామంది చూస్తున్నారు కదా, అందుకని మా అమ్మ పెట్టింది" అని.

ఆయన ఫొటో చూశాడు. బుగ్గ మీద చుక్క చూశాడు, అద్దం మీద చుక్క చూశాడు. మనవడి బుగ్గ కూడా చూశాడు, వాడికీ ఉంది కదా. జేబులోంచి తీసిన గుడ్డ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "తుడిచేవాళ్ళకి నేను చెబుతాను" అన్నాడు.

బయటికి వచ్చాక మెట్ల మీద శ్రీకర్ కెమెరా తీసి, తీయవచ్చా అన్నట్టు నా వైపు చూశాడు. మనవణ్ణి ఎత్తుకుని నిలబడ్డాను. చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ ఫొటో కడిగించగానే నీకు పంపుతాను.

ప్రదర్శన ఇంకా నెలంతా ఉంటుందన్నారు. నువ్వు మంగళవారాలు ఖాళీగా ఉన్నావు కదా. వెళ్ళి, అద్దం మీద చుక్క ఉందో లేదో చూసి రాయి.

నీ
ఆది